జైపూర్ మీనా బాట: రాగి బిళ్ళ నుంచి ఎర్ర రంగు దాకా

మీనా పని నేర్చుకోవడానికి జైపూర్ వెళ్లేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెలలో ఊరే నలభై డిగ్రీలు దాటుతుంది. దానికి 800 డిగ్రీల కొలిమి తోడైతే చేతికి చెమట ఆగదు. శుభ్రం చేసిన రాగి మీద ఆ చెమట అంటుకుంటే అక్కడ రంగు పట్టదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండు గంటల ప్రయాణం. రైలైతే ఒక రోజుకు పైనే పడుతుంది.

లోహం మీద గాజు పొడిని కరిగించి అతికించడమే మీనా. మన దగ్గర ఎనామెల్ అనగానే గుర్తొచ్చే డబ్బా పెయింటుకూ దీనికీ సంబంధం లేదు. ఇసుక, వెలిగారం, సోడా లాంటివి కరిగించి చేసిన గాజుకు కోబాల్ట్ కలిస్తే నీలం వస్తుంది, రాగి కలిస్తే నీలిపచ్చ, తగరం ఆక్సైడ్ కలిస్తే తెలుపు. కింద రాసింది రాగితో మొదలై వెండి దాకా వెళ్లే క్రమం. బంగారం జోలికి కావాలనే పోలేదు. మొదటి వారంలోనే బంగారం, ఎరుపు చేయించే శిక్షణ ఏదైనా ఉంటే, అక్కడ గుంటలు తవ్వి ఉంచిన బిళ్ళా నూరి ఉంచిన పొడీ చేతికిస్తున్నారని అర్థం. అలాంటి చోట రంగు నింపడం వస్తుంది తప్ప మీనా రాదు.

మొదటి రోజు: జోహరీ బజార్

సాంగానేరీ గేటు దగ్గర మొదలై బడీ చౌపడ్ దగ్గర ముగిసే వీధి జోహరీ బజార్. ముఖద్వారంలో ఉన్న పెద్ద దుకాణాలు చూసి ఆగిపోకూడదు. అసలు పని పక్క సందుల్లో, మెట్లెక్కితే వచ్చే చిన్న గదుల్లో జరుగుతుంది: గోపాల్జీ కా రాస్తా, హల్దియోం కా రాస్తా, జడియోం కా రాస్తా. ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి సోమవారం దిగేలా చూసుకోవాలి.

ఇక్కడ ఒక నగ ఒకే చేతి మీద పూర్తి కాదు. చితేరా నమూనా గీస్తాడు. సునార్ వస్తువు తయారుచేస్తాడు. ఖుదాయీ చేసే పనివాడు లోహంలో గుంటలు తవ్వుతాడు. మీనాకార్ రంగు నింపి కాలుస్తాడు. మెరుగు పెట్టేవాడు వేరు, రాళ్లు పొదిగే జడియా వేరు, చివర దారం అల్లే పటవా వేరు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తిన్నగా మీనాకార్ దగ్గరికే వెళ్తారు. ముందు ఖుదాయీ గదిలో ఒక పూట కూర్చుంటే మంచిది. మీనా బాగుపడేదీ చెడేదీ సగం అక్కడే.

ఈ పని ఇక్కడికి 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. జైపూర్ పక్కనే కొండల్లో ఉన్న అంబర్‌ను ఏలిన రాజు మాన్‌సింగ్ లాహోర్ నుంచి పనివాళ్లను రప్పించి స్థిరపరిచాడు. 1727లో సవాయి జైసింగ్ కొత్త నగరం కట్టినప్పుడు ఆ కుటుంబాలూ కొండ దిగి ఇక్కడికి చేరాయి. అక్బరు కొలువులో మాన్‌సింగ్ ఆనుకుని నిలబడ్డాడని చెప్పే చేతికర్ర ఈ పనికి తొలి ఆనవాలు. దాని పొడవు 52 అంగుళాలు, గట్టి రాగి కడ్డీకి తొడిగిన 33 బంగారు గొట్టాలతో చేసింది. ఒక్కో గొట్టం చిన్నది కాబట్టి విడివిడిగా కొలిమిలో పెట్టగలిగారు. పొడవాటి ఒకే గొట్టమైతే ఒక కొస కరిగేసరికి ఇంకో కొస పచ్చిగా ఉండేది. పెద్ద వస్తువును ముక్కలుగా చేసి కాల్చి, తర్వాత కూర్చడం ఈ పనిలో ఇప్పటికీ చెల్లే ఉపాయం.

కొనేముందు అసలు మీనాను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బజారులో చవకగా దొరికే వాటిలో చాలాభాగం కోల్డ్ మీనా, అంటే గట్టిపడే రెసిన్. గాజు చెంపకు తగిలితే చల్లగా ఉంటుంది, రెసిన్ అంత చల్లగా తగలదు. సూదిమొన గాజు మీద జారిపోతుంది, రెసిన్‌లో గుచ్చుకుంటుంది. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అంచు. అసలు మీనాను రాయితో అరగదీస్తారు కనుక రంగూ లోహపు గట్టూ ఒకే మట్టంలో ఉంటాయి. రెసిన్ మాత్రం గుంట మధ్యలో బొడ్డుగా ఉబ్బి నిలుస్తుంది.

ఆ సాయంత్రం కొన్న సామాను ఇది. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల స్వచ్ఛమైన రాగి రేకు. రంగులు ముద్దల రూపంలో: పారదర్శక నీలం, పారదర్శక పచ్చ, తెలుపు, ఫ్లక్స్ (అంటే రంగు కింద మొదటి పూతగా వేసే రంగులేని గాజు), ఒక్కోటి 50 గ్రాములు. నాలుగు సెంటీమీటర్ల బిళ్ళలో గుంటలు నింపడానికి ఒక టీస్పూను పొడి ఎక్కువే. రంగు కొనేటప్పుడు మూడు అడగాలి: ఇది ఏ లోహానికి, ఎంత వేడిలో కరుగుతుంది, ఇందులో సీసం ఉందా. మూడింటికీ జవాబు చెప్పలేని దుకాణంలో కొనకపోవడం మేలు.

ఇత్తడి రేకు ఎంత చవకైనా వద్దు. అందులోని జింకు వేడికి బయటికొచ్చి గాజును పట్టనివ్వదు. కాల్చిన రోజు బాగానే కనిపించి, కొన్నాళ్లకు పెచ్చులు ఊడుతుంది.

రెండో రోజు: ఖుదాయీ

రాగిని రంపపు తీగతో నాలుగు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ళగా కోసి, అంచు ఆకురాయితో సాపు చేశాక, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచాలి. దాంతో రాగి మెత్తబడుతుంది. పైన ఏర్పడిన నల్లటి పొరను నిమ్మ ఉప్పు నీళ్లు తీసేస్తాయి. లీటరు వేడినీళ్లకు 50 నుంచి 100 గ్రాములు వేస్తే చాలు. పాత పద్ధతిలో గంధకామ్లం వాడేవారు. దాన్ని వాడాల్సి వస్తే నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు.

బిళ్ళను లక్క మీద అతికించి చెక్కుతారు. లక్కలో ఇటుక పొడి కలిపితే గట్టిగా ఉండి ఉలి దెబ్బకు కదలదు. ముందు సన్న మొన ఉలితో గీత చుట్టూ కోత పెట్టి, తర్వాత చదును మొన ఉలితో లోపలి రాగిని తీస్తారు. లోతు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ గుంట అంతకంటే లోతైతే గాజు మందం పెరిగి పగులుతుంది, అంతకంటే పైపైనే ఉంటే చివర అరగదీసేటప్పుడు రంగంతా పోతుంది.

గోడ నిటారుగా ఉండాలి. కొత్త చేతికి గోడ వాలుగా వస్తుంది. వాలు గోడ దగ్గర గాజు పలచగా ఉంటుంది, అక్కడే రంగు వెలుస్తుంది, రాయి పెట్టగానే అక్కడే ఊడుతుంది. అడుగు భాగంలో దగ్గర దగ్గరగా సమాంతరంగా గీతలు లాగుతారు. అవి గాజుకు పట్టు ఇస్తాయి, పారదర్శక రంగు కింద వెలుగును విరిచి పైకి పంపుతాయి. నెమలి మెడ చెక్కినప్పుడు గీతల దిశ మార్చుకుంటూ పోతే, ఒకే నీలం తిప్పినప్పుడల్లా వేరే నీలంగా కనిపిస్తుంది. లోతు మారినా రంగు మారుతుంది, లోతైన చోట ముదురుగా, పైపైన ఉన్న చోట లేతగా. దీన్ని కావాలని చేసినప్పుడు ఆకుకూ రేకుకూ గుండ్రదనం వస్తుంది. తెలియక చేస్తే మచ్చలా ఉంటుంది.

ఉలి చేతికి రావడానికి నెలలు పడుతుంది. అందాకా ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినిపించే దారి ఉంది. గట్లుగా మిగలాల్సిన చోట తారు వార్నిష్ గానీ నెయిల్ పాలిష్ గానీ పూసి, వెనక వైపు ప్యాకింగ్ టేపు అంటించి, ప్లాస్టిక్ తొట్టిలో ముఖం కిందికి ఉండేలా వేలాడదీయాలి. ముఖం పైకి పెడితే కరిగిన మడ్డి గుంటలోనే కూర్చుని అడుగు ఎగుడుదిగుడు అవుతుంది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో 0.3 మిల్లీమీటర్లు దిగడానికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. ద్రావణం పాతదైతే ఇంకా ఎక్కువ. అరగంటకోసారి తీసి చూడాలి. ఈ ద్రావణం కిందికే కాదు, పక్కలకూ తింటుంది. అందుకే గట్టు వెడల్పు ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా గీసుకోవాలి. తీశాక వంటసోడా నీళ్లలో ముంచి కడగాలి. వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది, దాన్ని మురుగు కాలువలో పోయకూడదు.

మూడో రోజు: కల్వం

ఈ రోజంతా నూరడమే. విసుగనిపించే పని ఇదే, వదిలేయకూడని పనీ ఇదే.

రంగు ముద్దను మందపాటి గుడ్డలో చుట్టి సుత్తెతో కొట్టి, శనగ గింజంత ముక్కలు చేయాలి. వాటిని అగేటు కల్వంలో గానీ పింగాణీ కల్వంలో గానీ వేసి, మునిగేలా నీళ్లు పోసి, ముందు పొత్రంతో దంచి, పలుకులు చిన్నవయ్యాక గుండ్రంగా నూరాలి. పొడి గాజును ఎప్పుడూ నూరకూడదు. సీసం ఉన్నా లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇనుప హమాందస్తాలో దంచితే ఇనుప రజను కలుస్తుంది. అయస్కాంతంతో తీయకపోతే తెలుపు మీద నల్లటి చుక్కలుగా తేలుతుంది.

పొడి ఎంత మెత్తగా ఉండాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మెత్తనైతే మేలనుకుంటారు. మీనాకు కావలసింది సన్న ఇసుక లాంటి పలుకు, 80 నంబరు జల్లెడ దాటేంత. పౌడరులా మెత్తబడిన భాగం గాలిని పట్టి ఉంచుతుంది. కరిగినప్పుడు ఆ గాలి కోట్ల చిన్న బుడగలై లోపలే ఉండిపోతుంది, పారదర్శక రంగు పాలు కలిసినట్టు మసకబారుతుంది. అందుకే కడగడం. కల్వంలో నీళ్లు పోసి కలిపి, కొద్ది క్షణాలు ఆగితే పలుకు అడుగుకు దిగుతుంది. పైన తేలే తెల్లటి నీటిని వేరే గిన్నెలోకి వంచేయాలి. మళ్లీ నీళ్లు, మళ్లీ వంచడం. నీరు తేటగా వచ్చేదాకా, సాధారణంగా ఎనిమిది పది సార్లు. ఊరి నీళ్లలోని ఉప్పులు కూడా మసక తెస్తాయి కాబట్టి చివరి రెండు కడుగులూ డిస్టిల్డ్ వాటర్‌తో. తెలుపు లాంటి అపారదర్శక రంగులకు ఇంత పట్టింపు అక్కర్లేదు, రెండు మూడు కడుగులు చాలు.

వంచిన మడ్డి నీళ్లను తూములో పోయకూడదు. ఒక రోజు కదపకుండా ఉంచితే గాజు అడుగున పేరుకుంటుంది. అన్ని రంగుల మడ్డీ కలిపి ఆరబెట్టి, బిళ్ళ వెనక వైపు పూయడానికి దాచుకోవచ్చు. కడిగిన పొడిని చిన్న మూత డబ్బాల్లో నీళ్ల కిందే ఉంచాలి. పారదర్శక రంగును ఏ రోజుకు ఆ రోజు నూరుకుంటేనే తళుకు. ఈ గదిలో తినడం, తాగడం వద్దు. భోజనానికి లేచేముందు చేతులు గోళ్ల సందుల్లోకి సబ్బు పోయేలా కడగాలి.

నాలుగో రోజు: నింపడం, కాల్చడం

రంగు పెట్టే ముందు బిళ్ళను కుంకుడు రసంతో, సన్న తీగల బ్రష్‌తో, పారే నీటి కింద తోమాలి. కంసాలులు నగలు తోమడానికి వాడే కుంకుడు ఇక్కడా బాగా పనికొస్తుంది, జిడ్డు తీస్తుంది, ఏమీ మిగల్చదు. శుభ్రమైందో లేదో నీరే చెబుతుంది. నీరు బిళ్ళంతా ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా విడిపోయి బొట్టు కట్టిందంటే అక్కడ ఇంకా జిడ్డుంది. ఆ తర్వాత ముఖాన్ని వేలితో తాకకూడదు, అంచులు పట్టుకునే తిప్పాలి.

ముందుగా వెనక వైపు. కారణం చెప్పుకోవాలి. చల్లారేటప్పుడు రాగి గాజు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. ఒక వైపే గాజు ఉంటే బిళ్ళ ఆ వైపుకు ఉబ్బుతుంది. గాజు నొక్కుడును తట్టుకుంటుంది గానీ వంపును తట్టుకోలేదు, పగులుతుంది. వెనకా అంతే మందాన గాజు ఉంటే రెండు వైపులా లాగుడు సరిపోతుంది. రేకు ఎంత పలచనైతే వెనక పూత అంత తప్పనిసరి. దాచుకున్న మడ్డిలో కొద్దిగా పలచటి తుమ్మ జిగురు కలిపి వెనక పూసి, ఆరబెట్టి కాల్చాలి. ముఖం మీద ఏర్పడిన నల్లపొరను నిమ్మ ఉప్పుతో తీసి మళ్లీ తోమాలి.

ఇక ముఖం. మొన చదును చేసిన ఉక్కు సలాయితో తడి పొడిని కొంచెం కొంచెంగా ఎత్తి, ముందు మూలల్లో, గోడల వెంట పెట్టి, తర్వాత మధ్యకు తోయాలి. మధ్యలో పోసి మూలలకు నెట్టితే మూలల్లో గాలి మిగిలిపోతుంది. సలాయి పిడితో బిళ్ళ అంచును నాలుగైదు సార్లు తడితే పలుకులు సర్దుకుని నీరు పైకొస్తుంది. ఆ నీటిని పాత నూలుగుడ్డ కొసతో పక్కనుంచి పీల్చాలి. పై నుంచి అద్దితే పొడీ గుడ్డతో లేచిపోతుంది. మొదటి పూతకు గుంటలో సగానికి మించి నింపవద్దు. రెండు మూడు పలుచటి పూతలు ఒక మందపాటి పూత కంటే ఎప్పుడూ తేటగా ఉంటాయి, లోపలి బుడగకు బయటికి దారి దొరుకుతుంది కాబట్టి.

తర్వాత ఆరబెట్టడం. కొలిమి పైకప్పు మీద పెట్టి ఆవిరి పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. లోపల తడి ఉండగా 800 డిగ్రీల్లోకి నెడితే నీరు ఒక్కసారి ఆవిరై పొడిని ఎగరగొడుతుంది. మిగిలిన ఖాళీని మళ్లీ నింపవచ్చు గానీ ఎగిరిన నీలం పలుకు పక్కనున్న తెలుపులో పడితే దాన్ని తవ్వి తీయడం తప్ప దారి లేదు.

పాత మీనాకార్లు బొగ్గుల బట్టీలో అభ్రకం పలక మీద వస్తువును పెట్టి కాల్చేవారు. అభ్రకానికి గాజు అంత తేలిగ్గా అంటదు, వేడికి ఓర్చుకుంటుంది. ఇప్పుడు చాలా గదుల్లో ఎలక్ట్రిక్ కొలిములే. వెనక కూడా గాజు ఉన్న బిళ్ళను అంచులు మాత్రమే ఆనే, వేడికి ఓర్చే నిక్రోమ్ లోహపు ముక్కాలి మీద పెట్టి, దాన్ని తీగ జాలీ మీద ఉంచి, పొడవాటి పటకారుతో లోపలికి తోస్తారు. నూలు బట్టలే వేసుకోవాలి, నైలాన్ వేడికి ఒంటికి అతుక్కుంటుంది. కొలిమి లోపలికి తదేకంగా చూసే పని కాబట్టి పరారుణ కాంతిని ఆపే కళ్లద్దాలు ఉండాలి.

మీటరు 800 చూపించాక తలుపు తీస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది. మళ్లీ అందుకునే సమయం కూడా లెక్కలోదే. నాలుగు సెంటీమీటర్ల బిళ్ళకు మొత్తం రెండు నిమిషాలు, అటూ ఇటూగా. గడియారం కంటే కన్ను ముఖ్యం. పొడి మొదట నల్లబడి, పలుకులు ఒకదానికొకటి అంటుకుని పంచదార పలుకుల్లా కనిపిస్తుంది. తర్వాత మెరుపొచ్చినా నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆఖరికి అద్దంలా సాపవుతుంది. మొదటి, రెండో పూతలను నారింజ తొక్క దశలోనే తీయాలి. అద్దపు మెరుపు చివరి కాల్పుకు. ప్రతి పూతనూ పూర్తిగా కాల్చుకుంటూ పోతే ముందు వేసిన రంగు అనవసరంగా ఎక్కువ వేడి తింటుంది.

బయటికి తీసినప్పుడు కనిపించే రంగు చూసి కంగారు పడక్కర్లేదు. వేడి మీద ఎరుపు నల్లగా, తెలుపు పచ్చగా ఉంటాయి, చల్లారాక సొంత రంగు వస్తుంది. జాలీతో సహా వెచ్చటి ఇటుక మీద పెట్టాలి. చల్లటి బండ మీద పెడితే టిక్కుమని పగులుతుంది. బయట మిగిలిన రాగి గట్లు చల్లారుతూ నల్లటి పెచ్చులు చిమ్ముతాయి. పక్కనే నింపి ఉంచిన ఇంకో బిళ్ళ ఉంటే ఆ పెచ్చు దాని మీద పడుతుంది. రెండింటి మధ్యా ఒక మూరెడు దూరం ఉంచడం మంచిది.

ఐదో రోజు: చెడినవి చూడటం

చెడిన ముక్కలను పారేయకుండా వరుసగా పెట్టి, కారణం పేరు చెప్పగలిగితేనే ఈ రోజు పూర్తయినట్టు.

అంచుల్లో గాజు వెనక్కి ముడుచుకుని రాగి బయటపడిందంటే జిడ్డు ఉంది, లేదా పూత మరీ పలచన. అంచు నల్లబడి, పారదర్శక రంగు మురికిగా మారితే ఎక్కువ కాలింది, పలుచటి గాజు రాగి ఆక్సైడ్‌ను కరిగించుకుంది. తెలుపు అంచుల్లో ఆకుపచ్చ జీర కూడా అదే కారణం. సూది బెజ్జాల్లాంటి గుంటలు కనిపిస్తే లోపల గాలో, తడో, మురికో ఉండి కాలేటప్పుడు పగిలింది. ఆ బెజ్జాన్ని అలాగే పూత కింద దాచకూడదు. వజ్రపు మొన బర్రుతో కొంచెం విప్పి, తోమి, కొత్త పొడి నింపి కాల్చాలి.

పగుళ్లకు కారణం ఎక్కువసార్లు మందమే. ముందూ వెనకా మందం కుదరకపోయినా, ఒక కంపెనీ రంగు పైన వ్యాకోచం వేరైన ఇంకో కంపెనీ రంగు వేసినా పగులుతుంది. వెంట్రుకంత పగులును మళ్లీ కాలిస్తే కలుస్తుంది, కానీ మందం తగ్గించకపోతే మళ్లీ అక్కడే వస్తుంది. కాల్చిన వెంటనే కాక మర్నాడు పెచ్చు లేచిందంటే లోహంలోనే తప్పుంది. ఇత్తడి కలిసిన రేకో, గాజు కింద పడిన టంకమో అయి ఉంటుంది. తగరపు టంకం ఈ పనిలో ఎక్కడా తగలకూడదు. కొక్కెం, ఉంగరం అతకాల్సి వస్తే కొలిమి వేడికి కరగని వెండి టంకమే వాడాలి, అదీ గాజు రాని చోట.

మిగిలిన పూట నమూనా పలక చేయడానికి. ఒక రాగి పట్టీ మీద కొన్న ప్రతి రంగునూ నేరుగా ఒక గడిలో, ఫ్లక్స్ మీద ఇంకో గడిలో, తెలుపు మీద మరో గడిలో వేసి కాల్చాలి. వెనక రంగు పేరు, వేడి, నిమిషాలు గీకి రాయాలి. పారదర్శక పచ్చ నేరుగా రాగి మీద బురద రంగులో, ఫ్లక్స్ మీద బంగారు ఛాయతో, తెలుపు మీద ఆకులా వస్తుంది. ఈ పట్టీ లేకుండా మంచి వస్తువు మొదలుపెట్టడం గుడ్డి పని.

ఆరో రోజు: వెండి, రంగుల వరుస, ఎరుపు

రాగి మీద చేయి కుదిరాక వెండి. నగల వెండిలో, అంటే 925లో, ఏడున్నర శాతం రాగి ఉంటుంది. అది 780 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది, లోపలి రాగి నల్లబడి గాజు కింద బూడిద మచ్చ వేస్తుంది. స్వచ్ఛమైన వెండి కరిగేది 961 డిగ్రీల దగ్గర. కొత్తవాళ్లకు అదే క్షేమం. వెండి మీద నీలం, పచ్చ నేరుగా వేయవచ్చు, కిందినుంచి తెల్లటి వెలుగు వచ్చి ఎంతో తేటగా ఉంటాయి. ఎరుపు, గులాబీ రంగులు మాత్రం వెండితో కలిసి పసుపో గోధుమో అవుతాయి. వాటి కింద ఒక పూత ఫ్లక్స్ తప్పనిసరి.

జైపూర్ సంప్రదాయంలో రంగులకు వరుస ఉంది: తెలుపు, నీలం, పచ్చ, నలుపు, చివర ఎరుపు. అందానికి పెట్టిన వరుస కాదిది. ఎక్కువ వేడి కోరే రంగు ముందు, తక్కువ వేడికే కరిగేది చివర. ప్రతి కాల్పులోనూ ముందు వేసినవన్నీ మళ్లీ వేడెక్కుతాయి. మెత్తటి ఎరుపును ముందే వేస్తే తెలుపు కరిగేసరికి అది మాడిపోయి ఉంటుంది. అందుకే ఎరుపు వేసేనాటికి మిగతా రంగులన్నీ లోపం లేకుండా పూర్తయి ఉండాలి. ఎరుపు తర్వాత పచ్చలో బెజ్జం కనిపిస్తే దిద్దుకునే వీలు దాదాపు లేదు.

జైపూర్‌కు పేరు తెచ్చింది బంగారం మీది పారదర్శక ఎరుపు. గాజులో కంటికి కనిపించనంత సన్నటి బంగారు రేణువులు ఏర్పడటం వల్ల వచ్చే ఎరుపు ఒకటుంది. మొదటి వేడిలో లేతగా ఉండి, మళ్లీ వేడి తగిలినప్పుడు పుంజుకుంటుంది, ఇంకాస్త ఎక్కువైతే గోధుమ రంగుకు దిగిపోతుంది. బంగారం నల్లబడదు కనుక గాజు కింద పసుపు వెలుగు అలాగే ఉండి ఎరుపును లోపలినుంచి వెలిగిస్తుంది. రాగి మీద ఆ ఎరుపు కోసం ప్రయత్నించడం వృథా. 19వ శతాబ్దంలో ఈ పనిని పరిశీలించి రాసినవాళ్లు కూడా బంగారం అన్ని రంగులనూ పడుతుందనీ, వెండి కొన్నింటినే పడుతుందనీ, రాగికి తెలుపు, నలుపు, గులాబీ మాత్రమే కుదురుతాయనీ చెప్పారు. ఈనాటి తయారీ రంగులతో రాగి పరిధి పెరిగింది, ఎరుపు విషయంలో లోహాల తేడా మాత్రం పోలేదు. కాశీ గులాబీ మీనా వేరే దారి: అక్కడ తెల్లటి గాజు నేల మీద గులాబీని కుంచెతో చిత్రిస్తారు, లోహపు వెలుగుతో పని లేదు.

ఏడో రోజు: రాయి, చింతపండు

గుంటలు గట్టు మట్టానికి కొంచెం పైకి నిండాక, బిళ్ళను నీళ్లలో ఉంచి కురువిందం రాయితో అరగదీయాలి. ముందు గరుకైన 220 నంబరు, తర్వాత 400, 600, 1000. ఒక నంబరు గీతలన్నీ పోయాకే తర్వాతి నంబరు. తుడిచి ఆరబెట్టి వెలుగుకు అడ్డంగా పెడితే పల్లం ఉన్న చోటు ఇంకా మెరుస్తుంది, అరిగిన చోటు మసకగా ఉంటుంది. మెరిసే పల్లం పెద్దదైతే మళ్లీ నింపి కాల్చాలి. చిన్నదైతే ఇంకొంచెం అరగదీస్తే చాలు.

ఆఖరి కాల్పు క్లుప్తంగా, కొంచెం ఎక్కువ వేడిలో: రాగికి 820 దగ్గర ఒక నిమిషం లోపు. దానికి ముందు గాజు పీచు బ్రష్‌తో రాయి రజను మొత్తం తోమాలి. మిగిలిపోయిన రజను గాజులో కరిగి బూడిద మబ్బులా నిలుస్తుంది, మళ్లీ అరగదీయడం తప్పదు. పాత పనివాళ్లు గట్ల మీది నలుపును చింతపండు, మామిడి లాంటి పులుపులో మరిగించి తీసేవారు. ఇప్పటికీ చిక్కటి చింతపండు రసం గాజుకు హాని చేయకుండా రాగిని వెలిగిస్తుంది. గట్టి ఆమ్లంలో నానబెడితే కొన్ని రంగుల మెరుపు పోతుంది.

ఎనిమిదో రోజు: అద్దాల పెట్టెల ముందు, తర్వాత ఇంటికి

ఇన్నాళ్లు కొలిమి ముందు కూర్చున్నాక సిటీ ప్యాలెస్ ఆయుధశాలలో మీనా పిడుల బాకులు వేరేగా కనిపిస్తాయి. గోడలు ఎంత నిటారో, ఎరుపు పక్కన తెలుపు ఎంత శుభ్రంగా నిలిచిందో వెతుక్కుంటాం. 1887లో ప్రజలకు తెరిచిన ఆల్బర్ట్ హాల్ మ్యూజియంకు కూడా పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం జనం నిండిపోతారు.

మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ నిజాం నగలు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 నగల్లో ఎన్నింటికో వెనక వైపు మీనా ఉంది. ముందు రాళ్లు, వెనక ఒంటికి తగిలే చోట రంగు. కుందన్‌కు, అంటే రాళ్ల చుట్టూ బంగారాన్ని నొక్కి పొదిగే పనికి, వాడే మెత్తటి బంగారం అరగకుండా ఆ గాజు కాపాడుతుంది. ప్రదర్శనలో అద్దం పెట్టి వెనక చూపించినప్పుడు అక్కడే ఎక్కువసేపు నిలబడి చూడాలి.

ఇంటికి తెచ్చుకోవలసింది రంగు ముద్దలు, రెండు సలాయిలు, ఒక అగేటు కల్వం. కొలిమి హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా చేయించుకోవచ్చు: లోపల ఆరంగుళాల గది, 1,000 డిగ్రీల దాకా చూపే మీటరు, రెండు కిలోవాట్ల లోపు కాయిల్. అది సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది, ఏసీకి వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉంటే చాలు. తలుపు తీయగానే కరెంటు ఆగే స్విచ్ తప్పక పెట్టించాలి, లోహపు పటకారు కాయిల్‌కు తగిలే ప్రమాదం ఉంది. మీటరును నమ్మే ముందు చిన్న పరీక్ష: 925 వెండి తుంపును అభ్రకం మీద పెట్టి వేడి మెల్లగా పెంచాలి. 780 దాటాక అది మెత్తబడుతూ 890 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా కరిగి బొట్టవుతుంది. మీటరు అంతకు చాలా ముందో చాలా తర్వాతో చూపిస్తే, ఎంత తేడా ఉందో కొలిమి పక్క గోడ మీద రాసుకుని ప్రతి కాల్పులోనూ ఆ తేడా కలిపి చూసుకోవాలి.